మిషన్ పోయింది

ఆ శుక్రవారం పొద్దున సదానందం వేసుకున్న పథకం చిన్నదే. భార్యను రైలెక్కించాలి, ఇంటికొచ్చి టీ తాగాలి, పక్కింటి అబ్దుల్ వహాబ్ ఇచ్చిన చెట్లు కోసే పాత మిషన్‌ను బాగుచెయ్యాలి. వహాబ్ జుమ్మా నమాజు నుంచి తిరిగొచ్చే వేళకు ఆ మిషన్ వీధంతా దద్దరిల్లేలా మోగాలి.

కాజీపేట స్టేషన్‌లో వినోద డోర్నకల్ వెళ్లే బండెక్కి, కిటికీ పక్కన సీటు పట్టుకుని, ఊచల్లోంచి చివరి జాగ్రత్తలు చెప్పింది.

"చెల్లెను చూసి సాయంత్రానికి వస్త. కూర, అన్నం మూతపెట్టిన. నువ్వు ఆ మిషన్ ఒక్కటే ముట్టుకో. ఇంకేం ముట్టుకోకు."

"ఇంకేం ముట్టుకుంట?"

"ఏదీ ముట్టుకోకు," అంది వినోద. రైలు కదిలింది.

సదానందం రైల్వేలో పనిచేసి నిరుడు రిటైరయ్యాడు. ఇంజన్లు నడిపేవాళ్ల సెలవు దరఖాస్తులు చూసే సెక్షన్‌లో ఉద్యోగం. సర్వీసంతా ఇంజన్ల కూత వినిపించే దూరంలోనే కూర్చున్నాడు గాని, ఏనాడూ ఒక్క ఇంజన్ మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. ఎవరైనా ఎక్కడ చేసేవాళ్లని అడిగితే "లోకోల" అనేవాడు. సెక్షన్ పేరులో లోకో, అంటే ఇంజన్, అన్న మాట ఉండేది కాబట్టి అది అబద్ధం కాదు. విన్నవాళ్లు ఇతను ఇంజన్లు విప్పి బిగించినవాడని అనుకునేవారు. ఇతను అనుకోనిచ్చేవాడు.

రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. ఫోన్‌లో వీడియోలు చూడటం, ఇంట్లో ఏదో ఒకటి విప్పడం. హాల్లో ఫ్యాను విప్పి బిగించినప్పటి నుంచి అది తిరుగుతోంది గాని గాలి పైకప్పుకు తగులుతోంది. నీళ్ల మోటరు వేస్తే కాలింగ్ బెల్ మోగుతోంది. వినోద ఒకటి రెండుసార్లు తలుపు తీసి, ఎవరూ లేకపోతే మళ్లీ వేసి, తర్వాత అలవాటు పడిపోయింది.

అలాంటి రోజుల్లోనే వహాబ్ ఆ మిషన్ పట్టుకొచ్చాడు. నిరుడు ఎండాకాలంలో పక్కింట్లో దిగిన మనిషి, బట్టల దుకాణం నడుపుతాడు, మాట మెత్తన.

"సదానందం సాబ్, ఇది మా అబ్బాజాన్ నిషాని. ఆయన కట్టెల అడితి నడిపినప్పటిది. తాడు గుంజితే అసలు పట్టు లేదు. మీరు ఇంజన్లల్ల చేసినోళ్లు, జర చూడుండ్రి."

సదానందం తాడు లాగి చూశాడు. ఉండలోంచి దారం వచ్చినట్టు వచ్చేసింది. లోపల్నుంచి ఏ ఎదురూ లేదు.

"కంప్రెషన్ పోయింది," అన్నాడు, నాడి చూసి చెప్పే డాక్టరులా. "అంటే దీనికి ఊపిరి నిలుస్తలేదు. లోపల పిస్టన్‌కు రింగు ఉంటది. మసి పట్టి ఇరుక్కపోయుంటది. మసి కడిగితే అయిపాయె. శుక్రవారం నువ్వు నమాజ్ నుంచి వచ్చేసరికి నీ పెరట్ల ఎండిన తుమ్మ కొమ్మ దీంతోనే కోసిస్త."

"అంత జల్దీ ఎందుకు సాబ్?" అన్నాడు వహాబ్, ఎందుకో కంగారుగా. "నెలలు పట్టినా ఫికర్ లేదు. మెల్లగ చేసుకోండ్రి. ఎంత మెల్లగైతే అంత మంచిది."

ఎంత మర్యాదస్తుడు అనుకున్నాడు సదానందం.

స్టేషన్ నుంచి వచ్చి, టీ తాగి, వరండాలో పాత చాప పరిచి పని మొదలుపెట్టాడు. పొగ పోయే డబ్బా విప్పి రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే పిస్టన్ నిండా నల్లటి మసి. రింగు తన గాడిలో అతుక్కుపోయి ఉంది. తను చెప్పింది నిజం కావడం చూసి సదానందానికే ఆశ్చర్యం వేసింది. హుషారుగా సిలిండర్ ఊడదీశాడు. పిస్టన్‌ను పట్టి ఉంచే సన్నటి స్ప్రింగు రింగును స్క్రూడ్రైవర్‌తో కదిలించాడు. అది టింగుమని ఎగిరి, ఎండలో ఒక్కసారి మెరిసి, ప్రహరీ గోడ దాటి వహాబ్ పెరట్లో పడింది.

వహాబ్ భార్య తాహెరా బేగం పెరట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. సదానందం గేటు తీసుకుని వచ్చి, పలకరించకుండానే మోకాళ్ల మీద కూలబడి మిరపకాయల్లో వెతకడం చూసి నిలబడిపోయింది.

"ఏం పోయింది అన్నా?"

"రింగు చెల్లె. చిన్నది. చేతుల్నుంచి ఎగిరి ఇటే పడ్డది."

తాహెరా అతని వేళ్లు చూసింది. బోసిగా, నూనె మరకలతో ఉన్నాయి. "యా అల్లా! రింగా? వదినెకు తెలుసా?"

"ఆమెకు చెప్పకు. ఆమె వచ్చేలోపల దొరకకపోతే నా ఇజ్జత్ పోతది."

ఆ మాటతో తాహెరా మనసు కరిగిపోయింది. పెళ్లినాటి ఉంగరం కాకపోతే మొగవాడు ఇంత తల్లడిల్లుతాడా అనుకుంది. తనూ కూర్చుని మిరపకాయలన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. ఇద్దరూ తుమ్మి తుమ్మి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రింగు దొరకలేదు. దాన్ని తర్వాత కొనుక్కోవచ్చులే అని సదానందం లేచి వచ్చేశాడు. తాహెరా మాత్రం పాపం అనుకుంటూ అతను వెళ్లినవైపే చూసింది.

ఇక మసి కడగాలి. వీడియోలో సోడా నీళ్లలో నానబెట్టమన్నట్టు గుర్తు. ఏ సోడానో గుర్తు లేదు. ఇంట్లో ఉన్నది స్నానాల గది గొట్టాలు పూడిపోతే పోసే కాస్టిక్ సోడా. అదీ సోడానే కదా అనుకున్నాడు. చుట్టాలొచ్చినప్పుడు అన్నం వండే పెద్ద సత్తు గిన్నె తెచ్చి, నీళ్లు పోసి, సోడా దండిగా కుమ్మరించి, పిస్టన్, సిలిండర్ అందులో వేశాడు. నీళ్లు బుసబుసమని పొంగాయి. మంట లేకుండానే ఆవిర్లు లేచాయి. మసి వదులుతోందని సంబరపడి, చేతులు కడుక్కుని, అన్నం తిని, పైకప్పుకు విసిరే ఫ్యాను కింద పడుకున్నాడు. కన్నంటుకుంది.

లేచి వచ్చేసరికి గిన్నెలో నీళ్లు చిక్కటి నలుపు. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని గిన్నె ఎత్తాడు. గిన్నె లేచింది గాని అడుగు లేవలేదు. నల్లటి నీళ్లు వరండా మెట్ల మీదుగా వాకిట్లోకి పారాయి. అందులోంచి బయటపడ్డ పిస్టన్ చెదలు తిన్న చెక్కలా ఉంది. సిలిండర్ సగం కరిగి, నమిలి ఉమ్మేసిన చెరుకు పిప్పిలా ఉంది. మసి మాత్రం నిజంగానే వదిలింది. అది పట్టుకుని ఉండటానికి ఏమీ మిగల్లేదు.

వీడియో మళ్లీ పెట్టాడు. అల్యూమినియం సామాన్లను కాస్టిక్ సోడా తినేస్తుంది, దాని జోలికి పోవద్దని ఆ మనిషి మొట్టమొదటే చెప్పాడు. సదానందం ఎప్పుడూ వీడియో మొదలు చూడడు, నేరుగా మధ్యలోకి పోతాడు.

మెట్ల మీద కూర్చుండిపోయాడు. గిన్నె సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు. వినోద నాలుగు మాటలంటుంది, అంతే. కాని వహాబ్ వాళ్ల నాయన గుర్తు. అడితిలో కట్టెలు కోసి పిల్లల్ని పెంచిన మనిషి పట్టుకున్న మిషన్. దాన్ని నమ్మి చేతిలో పెడితే తను సోడాలో ఉడకబెట్టాడు. తలచుకుంటే చెవులు కాలిపోయాయి. మిగిలిన ముక్కలు, మిషన్ ఒళ్లు, పళ్ల చైను అన్నీ గోనెసంచిలో వేసి, అడుగు లేని గిన్నెను కూడా అందులోనే కుక్కి, నీళ్ల సంపు వెనకాల పెట్టాడు. దాచడానికి కాదు, ఎదురుగా ఉంటే చూడలేక. వహాబ్ రాగానే ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలని గట్టిగా అనుకున్నాడు.

వహాబ్ వచ్చాడు. తెల్లటి టోపీ, నవ్వుమొహం. సదానందం గేటు దగ్గరికెళ్లి, తల దించుకుని చెప్పేశాడు.

"వహాబ్ భాయ్, మిషన్ పోయింది."

"పోయిందా! ఎట్ల పోయింది?"

"అన్నం తిని జర ఒరిగిన. లేచి చూసేసరికి పోయింది."

"అరెరె. గేటు తీసి ఉండెనా?"

గేటు సంగతి ఎందుకొచ్చిందో సదానందానికి అర్థం కాలేదు. "గేటా? తీసే ఉన్నట్టుండె."

"ఇగ ఎత్తుకపోక ఏం చేస్తరు సాబ్? పట్టపగలే దొంగలు పడ్డరు!"

అప్పుడు తెలిసింది సదానందానికి. తను అన్న మాట ఒకటి, అతను విన్న మాట ఒకటి. అలా కాదు భాయ్ అనడానికి నోరు తెరిచాడు. కాని ఆ క్షణం చల్లని నీడలోకి వచ్చినట్టు హాయిగా ఉంది. నోరు మూసుకున్నాడు.

వహాబ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మా అబ్బాజాన్ నిషాని!" అని కొంచెం గట్టిగానే అని, మొహం అటు తిప్పుకున్నాడు. కన్నీళ్లు కనబడనియ్యకుండా తిప్పుకున్నాడని సదానందం కుమిలిపోయాడు.

సరిగ్గా అప్పుడే కాలనీ సంఘం అధ్యక్షుడు సారంగపాణి స్కూటర్ మీద పోతూ ఆ కేక విన్నాడు. బ్రేకు వేశాడు. అధ్యక్షుడయ్యాక అతని చేతికి ఇంతవరకు కుక్కల బెడద తప్ప పెద్ద కేసేదీ తగల్లేదు.

"ఏం పోయింది? ఎవలది పోయింది?"

వహాబ్ చెప్పాడు. గోడ మీదుగా తాహెరా మిగతాది చెప్పింది. "మిషన్ ఒక్కటేనా? అన్న ఉంగరం సుత పోయింది. పొద్దుగాల మా పెరట్ల వెతికిండు పాపం. వదినెకు చెప్పద్దన్నడు."

"బంగారందేనా?" అన్నాడు సారంగపాణి.

"ఉంగరమంటే బంగారందే కద."

"అది ఉంగరం కాదు..." అని మొదలుపెట్టాడు సదానందం. ఉంగరం కాకపోతే ఏమిటని అడుగుతారు. రింగంటే పిస్టన్ వస్తుంది, పిస్టన్ వెంట సోడా వస్తుంది. మాట గొంతులోనే ఆగిపోయింది. సారంగపాణి దాన్ని దుఃఖం అనుకుని భుజం తట్టాడు.

"మీరు పరేషాన్ గాకుండ్రి సార్. నేనున్న."

అతను ఉండటమే కొంప ముంచింది. కాసేపట్లో కాలనీ వాట్సాప్ గ్రూపులో రైల్వే సారు ఇంట్లో పట్టపగలు చోరీ అన్న కబురు తిరిగింది. తిరుగుతున్నకొద్దీ మిషన్ మిషన్లయింది, ఉంగరం గొలుసయింది. వినోద నుంచి ఫోన్ వచ్చింది, సదానందం ఎత్తలేదు. మూలమీది కిరాణా దుకాణం కెమెరాలో చూస్తే, మధ్యాహ్నం పూట గల్లీలోకి వచ్చి పోయింది పాత ఇనుప సామాన్లు కొనే రాయమల్లు ట్రాలీ ఆటో ఒక్కటే.

"పోనియ్యుండ్రి సాబ్," అని వహాబ్ బతిమిలాడాడు. "పాత మిషనే కద. నేను కంప్లైంట్ ఇస్తలేను."

"మీది పెద్ద మనసు," అన్నాడు సారంగపాణి. "మరి సారు బంగారం?"

పొద్దు వాలకముందే కాలనీవాళ్లు రాయమల్లును పట్టుకొచ్చారు. ట్రాలీని సదానందం గేటు ముందే ఆపించి, సామానంతా రోడ్డు మీద కుమ్మరించారు. పాత పేపర్లు, విరిగిన సైకిలు, ఖాళీ సీసాలు. ఒకతను గోనెసంచిలో చెయ్యి పెట్టి "రింగు దొరికింది!" అని అరిచాడు. సారంగపాణి అందుకుని చూశాడు. ప్రెషర్ కుక్కర్ రబ్బరు రింగు. నెమ్మదిగా కింద పెట్టేశాడు.

రాయమల్లు చొక్కా కాలరు ఎవరి చేతిలోనో నలిగి చెవి దాకా లేచి ఉంది. "ఏం మిషన్ సార్? బట్టలు కుట్టే మిషన్ నేనేం జేసుకుంట? నాకు కుట్టుడు రాదు!" అంటున్నాడు. ఎవరూ వినడం లేదు. అతని కళ్లు గుంపంతా వెతికి సదానందం మీద ఆగాయి.

"సార్, మీరు చెప్పుండ్రి. ఎన్నేండ్ల సంది ఈ గల్లీల తిరుగుతాన. మీ ఇంట్ల ఒక్క ఇనుప మేకన్న ముట్టుకున్ననా? నాకున్నదే ఈ గల్లీల పేరు సార్. అది పోతే నన్నెవలు రానిస్తరు?"

అందరూ సదానందం వైపే చూస్తున్నారు. వరండాలో నల్లటి మరకలు ఇంకా ఆరలేదు. నేను చెప్పకపోతే ఏమవుతుంది అని ఒక్కసారి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"సారు మంచోడు, చెప్పలేకపోతాండు. పోలీస్ స్టేషన్ల తేలుతది," అంటూ సారంగపాణి ఫోన్ తీశాడు.

"ఆగుండ్రి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. సదానందం సంపు వెనకాలకు వెళ్లి, గోనెసంచి ఈడ్చుకొచ్చి, అందరి ముందు బోర్లించాడు. చైను, తాడు, మిషన్ ఒళ్లు, పిప్పి సిలిండర్, చివరికి అడుగు లేని గిన్నె గలగలమని పడ్డాయి.

"దొంగతనం కాలేదు. నేనే ఖరాబ్ చేసిన. మసి పోతదని సోడాల నానేసిన, కరిగిపోయింది. ఉంగరం కూడ కాదు, మిషన్ల ఉండే ఇనుప రింగు. వహాబ్ భాయ్, నీకు చెప్దామనే అనుకున్న. నువ్వు దొంగలన్నవు, నేను ఊకున్న. రాయమల్లును పట్టుకొచ్చిండ్రు, అప్పుడు కూడ ఊకున్న." ఆగి, ఇక దాచి ఏం లాభమనుకున్నాడేమో, మిగిలింది కూడా కక్కేశాడు. "అసలు నాకు ఇంజన్ల పనే రాదు. నేను చేసింది సెలవుల సెక్షన్ల."

సారంగపాణి ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"అది మాకు మొదట్నుంచి తెలుసు సార్. మా బామ్మర్ది ఇంజన్ డ్రైవరే కద. అతని పెండ్లి సెలవు ఆపింది మీరే."

సదానందం వహాబ్‌కు చేతులు జోడించాడు. "మీ నాయన గుర్తును నాశనం చేసిన. మాఫీ అడిగే మొగం కూడ లేదు."

వహాబ్ నేల చూపులు చూస్తున్నాడు. ఈలోపల రాయమల్లు వంగి, మిషన్ ఒళ్లును ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇదా మిషన్? ఇది నేనే కద వహాబ్ భాయ్‌కు ఇచ్చింది! నా గోదాముల ఎన్ని వానలకు తడిసిందో. 'ఏం చేసుకుంటవు భాయ్, దీంట్ల జీవం లేదు' అన్న కూడ. 'నాకు గసొంటిదే కావాలె' అన్నడు."

గోడ మీద తాహెరా తల చప్పున కిందికి దిగిపోయింది. వహాబ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అంతలో గుంపు వెనకాల ఆటో ఆగింది. వినోద చేతిసంచితో దిగి, రోడ్డు మీది పేపర్లు, రాయమల్లు కాలరు, మొగుడి మొహం, తన గిన్నె వరసగా చూసింది. జరిగిందంతా తలా ఒక మాట చెప్పారు. అంతా విని సంచి కింద పెట్టింది.

"వహాబ్ అన్నను ఏమనకుండ్రి. నేనే తెమ్మన్న. రిటైరైనకాడికెళ్లి ఈయన ఇంట్ల నడిచేటియన్ని విప్పుతాండు. నడవంది ఒక్కటి చేతులబెడితే ఇల్లు మిగుల్తదని తాహెరాతోని అన్న. ఎంత విప్పినా ఇంకింత ఖరాబ్ కానిది చూడుమన్న. పెద్దోళ్ల గుర్తని చెప్తే జర భయానికి మెల్లగ చేస్తడనుకున్న." మిగిలిన మాట గిన్నెను చూస్తూ అంది. "ఇంకింత ఖరాబ్ కాదనుకున్న."

"మాఫ్ చేయుండ్రి సాబ్," అన్నాడు వహాబ్. "మా అబ్బాజాన్‌కు అడితి లేదు, ఏం లేదు. ఆయన టైలర్. కుట్టు మిషన్ ఉన్నది గని..." ఇంకేదో అనబోయి మానుకున్నాడు. "అది లోపల ఉన్నది."

గుంపులో నవ్వు లేచింది. సదానందానికి నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి తను మోసిన సిగ్గుకు కారణమే లేదని తేలింది, అయినా సిగ్గు తగ్గలేదు. మిషన్ అబద్ధమే గాని, చెవి దాకా లేచిన ఆ కాలరు అబద్ధం కాదు. అతను రోడ్డు మీద గొంతుక్కూర్చుని, పేపర్లు ఏరి ట్రాలీలో పెట్టసాగాడు. వహాబ్ వచ్చి సైకిలు ఎత్తాడు. నవ్వినవాళ్లు కూడా ఒక్కొక్కరే వంగి సీసాలు ఏరారు.

"తప్పయింది రాయమల్లూ," అన్నాడు సదానందం, తల ఎత్తకుండానే.

రాయమల్లు కాలరు సర్దుకున్నాడు. "మిషన్ ఖరాబ్ చేసుడు ఏం తప్పు సార్, ఎవలైనా చేస్తరు. వాళ్లు నన్ను గుంజుతాంటే మీరు నిలబడి చూసిండ్రు. గదే మనసుకైంది."

వినోద లోపలికెళ్లి టీ పెట్టింది. రాయమల్లు మొదట వద్దన్నాడు. సదానందం కప్పు పట్టుకుని, ట్రాలీ పక్కన అలాగే నిలబడ్డాడు. టీ మీద మీగడ కట్టింది. చివరికి రాయమల్లు కప్పు అందుకున్నాడు. టీ తాగి, మిషన్ ముక్కల వైపు ఒకసారి చూసి, వాటిని మాత్రం ఎక్కించుకోకుండా ట్రాలీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం జరిగిన కాలనీ సంఘం సమావేశంలో, చోరీ కేసును జరిగిన పూటే తేల్చినందుకు సారంగపాణిని ఘనంగా సన్మానించారు. శాలువా సదానందం చేత కప్పించారు.